బిల్లు చూడగానే అర్థం కావాలి: చిన్న వ్యాపారులు కాగితాలు ఎలా తయారు చేసుకోవాలి?

తెనాలిలో పప్పు మిల్లు, బాపట్లలో ఫర్నిచర్ షాపు, రేపల్లె వైపు రొయ్యల కమీషన్ వ్యాపారం... ఏదైనా సరే, రోజూ చేతులు మారేవి కాగితాలే. బిల్లు, కొటేషన్, రసీదు, బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు. వీటిలో లెక్క కరెక్టుగానే ఉన్నా, అమరిక బాగా లేకపోతే డబ్బు ఆలస్యమవుతుంది. అకౌంట్ నంబరు దొరక్క పార్టీ "రేపు వేస్తాం" అంటుంది. ఎంత అప్పు కావాలో మూడో పేజీ దాకా తెలియకపోతే బ్యాంకులో ఫైలు పక్కకు పోతుంది.

అమరిక అంటే రంగులు, పూలు కాదు. చదివేవాడికి కావాల్సింది వెంటనే కంటపడేలా పెట్టడం. మన తెనాలివాడైన చక్రపాణి, బి.నాగిరెడ్డితో కలిసి 1947లో మొదలుపెట్టిన 'చందమామ'ను గుర్తుచేసుకోండి. అందులో బొమ్మ కథను చెప్పడానికే ఉండేది, ఖాళీ నింపడానికి కాదు. వ్యాపార కాగితానికీ అదే సూత్రం.

మూడు ప్రశ్నలకు జవాబు

కాగితం చేతికి రాగానే ఎదుటివాడు చూసేవి మూడు: ఎవరు పంపారు? ఎంత? ఎప్పటిలోగా? ఈ మూడూ వెతక్కుండా కనిపించాలి. షాపు పేరు పైన, తేదీ, బిల్లు నంబరు కుడివైపు, కట్టాల్సిన మొత్తం, గడువు కింద విడిగా, మిగతా అక్షరాలకంటే కాస్త పెద్దగా, లావుగా. ఒక పేజీలో లావు అక్షరాలు రెండు మూడు చోట్లకు మించకూడదు. అన్నీ లావుగా ఉంటే ఏదీ కనపడదు.

గడువు రాయడం మర్యాద తక్కువేమీ కాదు. తయారీ, సేవల రంగాల్లో ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కొన్నవారు ఒప్పుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే వడ్డీ అడిగే హక్కు ఉంది. అందుకే ఉద్యం నంబరు, గడువు తేదీ రెండూ బిల్లు మీదే వేయించుకోండి.

అంకెలు పట్టికలో పెట్టండి

రొయ్యల లెక్క చాలామంది ఒకే వరుసలో రాసేస్తారు: "40 కౌంట్ 850 కిలోలు 330 చొప్పున, 50 కౌంట్ 620 కిలోలు 300 చొప్పున..." రైతు దాన్ని మూడుసార్లు చదవాలి. అదే లెక్కను ఇలా రాసి చూడండి. ధరలు కేవలం ఉదాహరణకు.

| కౌంట్ | కిలోలు | ధర (రూ.) | మొత్తం (రూ.) |
|---|---:|---:|---:|
| 40 | 850 | 330 | 2,80,500 |
| 50 | 620 | 300 | 1,86,000 |
| 60 | 410 | 270 | 1,10,700 |
| మొత్తం | 1,880 | | 5,77,200 |
| అడ్వాన్స్ తీసివేత | | | 2,00,000 |
| బాకీ | | | 3,77,200 |

ఇందులో గమనించాల్సినవి: అంకెలన్నీ కుడివైపుకు ఒకే గీతలో ఉన్నాయి కాబట్టి లక్షల కింద లక్షలు, వేల కింద వేలు వచ్చాయి. అడ్వాన్స్ ఎక్కడ తీసేశారో విడిగా కనిపిస్తోంది. బాకీ ఎంతో చివర్లో తేలింది. గొడవలు ఎక్కువగా వచ్చేది అడ్వాన్స్ దగ్గరే కాబట్టి ఆ వరుసను ఎప్పుడూ కలిపేయకండి. బాకీని అక్షరాల్లో కూడా రాస్తే దిద్దుబాటుకు తావుండదు.

తెలుగు, ఉర్దూ అక్షరాలకు వాటి కొలతలు

ఇంగ్లీషు లెటర్‌హెడ్‌ను అలాగే కాపీ చేస్తే తెలుగులో కుదరదు. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు చోటు ఇస్తేనే అవి ఒకదానికొకటి తగలవు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడా మనకు లేదు. అందువల్ల ముఖ్యమైన మాటను సైజుతోనో, లావుతోనో చూపించాలి.

ఉర్దూ నస్తాలిక్ రాత కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందకు వాలుతూ వస్తుంది. దానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. షాపు పేరు మూడు భాషల్లో వేయాలంటే పక్కపక్కనే ఇరికించకుండా ఒక్కో భాషకు ఒక్కో వరుస ఇవ్వండి.

చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడుతున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టమని అడగండి. 'తెనాలి రామకృష్ణ', 'మండలి' వంటి తెలుగు ఫాంట్లు, 'నోటో నస్తాలిక్ ఉర్దూ' గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిది షాపు పేరుకు, మండలి లోపలి వివరాలకు బాగుంటాయి.

బిల్లు మీద తప్పనిసరి వివరాలు

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 15 అక్షరాల జీఎస్టీఐఎన్ వేయాలి. మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది. బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారు ఆ సంగతి, పన్ను వసూలు చేసే అర్హత తమకు లేదన్న సంగతి పైనే రాయాలి.

అడ్రసు కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె అందులోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. పాత బిల్లు పుస్తకాల్లో రేపల్లె పక్కన గుంటూరు జిల్లా అని ఉంటే, రిజిస్ట్రేషన్ కాగితాలతో పోల్చి రెండుచోట్లా ఒకేలా మార్పించుకోండి.

బ్యాంకు రిపోర్టు

ముద్ర రుణాల్లో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. ఏ విభాగం కింద, ఎంత, దేనికి అడుగుతున్నారో మొదటి పేజీ పైభాగంలోనే రాయండి. నెలవారీ అమ్మకాలు ఒక గ్రాఫ్‌గా పెడితే మేనేజరుకు వ్యాపారం తీరు వెంటనే తెలుస్తుంది. లెక్కలను గీతలుగా, కడ్డీలుగా చూపించే పద్ధతిని విలియం ప్లేఫేర్ 1786లోనే తన పుస్తకంలో వాడాడు. కడ్డీల గ్రాఫ్ ఎప్పుడూ సున్నా నుంచి మొదలవ్వాలి. మధ్యలో మొదలుపెడితే కొద్దిపాటి పెరుగుదల రెట్టింపులా కనిపిస్తుంది. అది గమనించిన మేనేజరుకు మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

ప్రింటుకు ముందు ఇవి చూసుకోండి

- నలుపు తెలుపు జిరాక్స్ తీసి చూడండి. రంగుతో మాత్రమే చెప్పిన విషయం అందులో మాయమవుతుంది.
- అకౌంట్ నంబరును నాలుగేసి అంకెలుగా విడగొట్టి రాయండి. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, ఐదోది సున్నా. 'ఓ' అక్షరం కాదు.
- క్యూఆర్ కోడ్ చుట్టూ తెల్ల అంచు వదలండి. రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి.
- వాట్సాప్‌లో బిల్లు పంపేటప్పుడు ఫొటో కాకుండా పీడీఎఫ్ పంపండి. ఫొటోలో చిన్న అంకెలు మసకబారుతాయి.
- థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. ముఖ్యమైన రసీదులకు నకలు తీసి ఉంచుకోండి.
- చివరగా, ఇంట్లో వ్యాపారం సంగతి తెలియని ఒకరికి కాగితం ఇచ్చి "ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా కట్టాలి?" అని అడగండి. వెతక్కుండా చెప్పగలిగితే ఆ కాగితం పార్టీకి పంపొచ్చు.

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు... ఈ మాటలన్నీ అరబీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగు లెక్కల పుస్తకంలోకి వచ్చినవే. హిసాబు సాఫ్‌గా ఉండాలని పెద్దలు చెప్పేది మనసు గురించే అనుకుంటాం. ఎదుటివాడికి సాఫ్‌గా కనపడేలా రాయడం కూడా అందులో భాగమే.