శిస్తు, చమురు, పెట్టుబడి

పన్ను పెంచితే పెట్టుబడి పారిపోతుందనే వాదన తరచుగా వినబడుతున్నది. వొకే సరుకు మీద బ్రతికే దేశాలలో, ముఖ్యంగా చమురు దేశాలలో, యీ వాదనకు బలం మరీ యెక్కువ. దీనిని పరీక్షించడానికి మనం యెక్కడికో పోనక్కరలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు కూడా నూరేళ్ళపాటు వొకే సరుకు మీద బ్రతికాయి. ఆ సరుకు వరి. ఆ పన్ను భూమిశిస్తు.

1832–33 కరవులో గుంటూరు సీమ జనంలో దాదాపు మూడో వంతు నశించారు. 1852లో మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. తొలి పెట్టుబడి ప్రభుత్వానిది. దాని వెనుక దయ కంటె రాబడి లెక్కే ప్రధానం. మెట్ట మాగాణి అయింది, శిస్తు పెరిగింది. అయినా రైతు వెనుదీయలేదు. కాలువ అందిన చోటల్లా వరి వేశాడు. తెనాలిలో బియ్యపు మిల్లులు లేచాయి; 1916లో రేపల్లెకు రైలు వచ్చింది. కారణం స్పష్టమే. నీరు తెచ్చిన అదనపు ఫలంలో వొక భాగాన్నే సర్కారు తీసుకున్నది, మిగిలినది రైతుకు లాభంగానే వున్నది. ప్రకృతి వల్లా, సమాజపు కృషి వల్లా కలిగే యీ అదనపు రాబడినే అర్థశాస్త్రజ్ఞులు భాటకం అన్నారు.

అయితే కథ యిక్కడితో ముగియదు. శిస్తు రొక్కంలో నిర్ణయమైనది. ముప్ఫై యేళ్ళదాకా మారదు. 1920ల చివర కృష్ణ తూర్పు గట్టునా, గోదావరి జిల్లాలలోనూ రూపాయికి మూడణాలు, అనగా 18.75 శాతం, పెంచాలని మద్రాసు ప్రభుత్వం సంకల్పించింది. అంతలోనే ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ధాన్యం ధర సుమారు సగానికి దిగింది, శిస్తు మాత్రం దిగలేదు. వొక బస్తా అమ్మి కట్టే శిస్తుకు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చింది. యెద్దులకూ, యెరువులకూ పోవలసిన డబ్బు ఖజానాకూ, షావుకారు వడ్డీకీ పోయింది. మొదట మునిగినవాడు చిన్న రైతు. మొదట అదనపు రాబడిని తాకిన పన్ను యిప్పుడు సేద్యపు ఖర్చునే మింగింది. పెట్టుబడిని చంపినది యీ రెండవదే.

చమురు కథా యిదే. నార్వేలో 1992 నుండి చమురు లాభాలపై మొత్తం పన్ను 78 శాతం. అయినా సముద్రంలో తవ్వకం ఆగలేదు. పన్ను లాభం మీద పడుతుంది. ఖర్చులో తన వంతును రాజ్యం భరిస్తుంది. నియమం నిలకడగా వుంటుంది. బ్రిటనులో 2022 మే నెలలో అదనపు పన్ను 25 శాతంతో మొదలై, 2023లో 35, 2024 నవంబరులో 38 అయింది. మొత్తం అక్కడా 78 శాతమే! కాని పెట్టుబడి తగ్గిస్తున్నామని కంపెనీలు ప్రకటించాయి. క్షేత్రాలు ముసలివి కావడం కూడా వొక కారణమే. అయినా రెండున్నరేళ్ళలో మూడుసార్లు మారిన పన్నును నమ్మి ముప్ఫై యేళ్ళ బావిని యెవరు తవ్వుతారు?

మన దేశంలో 2022 జూలై 1న దేశీయ ముడిచమురుపై టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక సుంకం పడింది. పక్షానికొకసారి మారుతూ 2024 డిసెంబరులో రద్దయింది. ఆ మధ్యనే, 2024 జనవరిలో, కాకినాడకు యెదుట లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ కొత్త చమురు తీసింది. దీనిని చూపి సుంకం వల్ల నష్టం లేదనడం తొందరపాటు. ఆ పెట్టుబడికి నిర్ణయం 2016 నాటిది. నేటి పన్ను ఫలితం రేపటి బావులలో కనిపిస్తుంది.

కాబట్టి పన్ను యెంత అన్న ప్రశ్న వొక్కటే చాలదు. యెవరి రాబడిలో యే భాగం మీద, యే నియమంతో, యెవరి మేలు కోసం అని అడగాలి. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ, నిడుబ్రోలు వాసి యెన్.జి. రంగా కార్యదర్శిగా వున్ననాడు, భూమిశిస్తుకు బదులు ఆదాయాన్ని బట్టి పెరిగే పన్ను కోరింది. ఆ న్యాయం మన రైతుకు దక్కలేదు. నార్వేలో చమురు కంపెనీలకు దక్కింది! చమురు కూడా కృష్ణ నీటి వలె ప్రజలందరి సొత్తు. దాని అదనపు ఫలాన్ని ప్రజలు తీసుకోవడం దోపిడీ కాదు. లెక్క లేకుండా తీసుకోవడమూ, తీసుకున్నది ప్రజలకు తిరిగి రాకపోవడమూ మాత్రమే తప్పు.