షత్రంజ్ ఖానాల్లో ఇరవై అంకెల హిసాబు

ఎయిర్‌పోర్టు వల్ల షంషాబాద్ పేరు ఇవాళ దునియా అంతా తెలుసు. ఆ పేరులోని ‘షమ్స్’ ఎవరో మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలీదు. షమ్సుల్ ఉమరా అనేది పాయిగా నవాబుల ఖితాబు. ఆ ఖితాబున్న ఫఖ్రుద్దీన్ ఖాన్‌కు ఇల్మ్ అంటే ప్రాణం. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించాడు. ‘సిత్తా షమ్సియా’ అనే ఆరు రిసాలాలు ఆ మెహనత్ ఫలమే.

అలాంటి ఇల్మ్ పసందు మనిషి పేరున్న ఊరి నుంచి ఒక సంఖ్య సంగతి చెబుతాను: 18446744073709551615.

13వ శతాబ్దపు ఇబ్నె ఖల్లికాన్ రాసిన కిస్సా ఇది. సిస్సా అనే హకీం షత్రంజ్ కనిపెట్టాడు. బాద్షా ఖుష్ అయి ఇనాం కోరుకొమ్మన్నాడు. మొదటి ఖానాలో 1 గోధుమ గింజ, రెండోదాంట్లో 2, మూడోదాంట్లో 4, ఇలా 64 ఖానాలూ రెట్టింపు చేస్తూ ఇమ్మన్నాడు హకీం. ఇంతేనా అనుకున్నాడు బాద్షా. మొత్తం ఆ 20 అంకెల సంఖ్య!

కిస్సా సంగతెలా ఉన్నా హిసాబు మాత్రం పక్కా. గింజలకు బదులు బియ్యం అనుకుందాం. గ్రాముకు 50 గింజల చొప్పున సుమారు 36,900 కోట్ల టన్నులు. షంషాబాద్ నుంచి 100 టన్నుల కార్గో విమానం నిమిషానికొకటి రాత్రీపగలూ ఎగిరినా, మోయడానికి 7 వేల ఏళ్లు పడుతుంది.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన ‘ఆసారుల్ బాఖియా’లో ఈ సంఖ్యను సరిగ్గా లెక్కకట్టాడు. ఒక్కో ఖానా కూడుతూ పోలేదు. 16ను 16తో గుణిస్తే 256. దాన్ని దానితోనే గుణిస్తే 65536. మళ్లీ చేస్తే 4294967296. ఇంకోసారి చేసి, ఒకటి తీసేస్తే జవాబు.

ఈ మెట్లలో ఒక తమాషా ఉంది. 2, 4, 16, 256, 65536 లకు ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే, అన్నీ మన సంఖ్యను శేషం లేకుండా భాగిస్తాయి. తర్వాతి మెట్టు 4294967297 కూడా భాగిస్తుంది. ఇది కూడా ప్రధాన సంఖ్యేనని ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. కాదు, 641ని 6700417తో గుణిస్తే ఇదే వస్తుందని 1732లో ఆయిలర్ తేల్చాడు.

ఇక అసలు ముచ్చట. పావులూరి మల్లన ఈ సంఖ్యనే తెలుగు పద్యంలో పెట్టాడు. ఆయనది 11వ శతాబ్దమంటారు. జైనుడైన మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన కవి ఆయన. ఆ పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. శశి అంటే 1, వేదం అంటే 4, శరం అంటే 5, గగనం అంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి, మనం ఉర్దూ రాసినట్టే!

పాత తెలుగు చదువుతో మనకేం వాస్తా అని మన ఇళ్లల్లోనే అంటుంటారు. అరబీ వాళ్ల హిసాబుతో తెలుగుకేం పని అని బయట అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నా జవాబు ఈ 20 అంకెలే. అరబీలో అల్ బిరూనీ, తెలుగులో మల్లన, ఒకరినొకరు చూడకుండానే ఒకే సంఖ్య రాశారు. ఒక్క అంకె ఫరక్ లేదు. మన పిల్లలు ఇద్దరికీ వారసులే. ఈ విరాసత్‌లో సగం వదులుకొమ్మని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.