చెన్నపురి తీరము – మన యింటి ఛాయాచిత్రములు

దర్శి మెట్టపంటల సీమ. అచ్చట సముద్రఘోష వినబడదు. అయినను ఆ ప్రాంతపు పాత కుటుంబముల ఆల్బములు విప్పినప్పుడు చెన్నపురి మెరీనా తీరము కనబడినచో అందు వింత లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఈ సీమకు రాజధాని చెన్నపురియే. చదువునకో, వ్యాజ్యమునకో, వైద్యమునకో ఒంగోలులో రైలెక్కి పోయినవారు, సెలవులలో పిల్లలకు సముద్రము చూపక తిరిగివచ్చుటెట్లు?

ఆ తీరమునకు ‘మెరీనా’ యను పేరు 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ పెట్టినది. అప్పటికే ఛాయాగ్రహణము చెన్నపురికి క్రొత్త కాదు. 1856లోనే లిన్నియస్ ట్రైప్ రాజధాని ప్రభుత్వపు ఛాయాగ్రాహకుడుగా నియుక్తుడై మధుర, తంజావూరు ఆలయములను చిత్రించెను. కాని ఆ కాలపు చిత్రములలో జనసమ్మర్దము అరుదు. కారణము పనిముట్టులోనే యున్నది. గాజుపలకకు మందు పూసి, అది తడియారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. కొన్ని క్షణములు కదలకున్నదే స్పష్టముగ పడును. కావున గోపురములు నిలిచినవి. నడచిపోవు మనుష్యులు మసకలైపోయిరి.

1871లో మాడాక్స్ పొడిపలకను కనుగొనెను. 1888లో ఈస్ట్‌మన్ కొడక్ పెట్టెను, 1900లో ఒక్క డాలరు వెలకు బ్రౌనీ కెమెరాను వెలువరించెను. చేతిలో నిముడు కెమెరా వచ్చిన పిదపనే తడిసిన కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొన్న అమ్మ, అలకు జడిసిన పసివాడు, వెనుక వలలు దులుపుకొను జాలరి చిత్రములోనికి రాగలిగిరి.

ఇట్టి చిత్రము చరిత్రకు సాక్ష్యమే. వెనుక దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలచిన శ్రమజీవుల విగ్రహ మున్నచో, అది 1959కి ముందుది కాదని మనము నిశ్చయింపవచ్చును. విగ్రహము సంవత్సరమును చెప్పును. ముందు నిలిచిన మనిషి పేరు మాత్రము చెప్పదు. అది యెరిగిన పెద్దలు గతించిన మరునాడే ఆ ముఖము అనామక మగును. నేడు చేతి ఫోనులో ఒక్క సాయంకాలమున వందల చిత్రములు తీయుచున్నాము; వానికిని అదే గతి.

కావున ఈ సెలవులలో అవ్వ చెంత ఆల్బము విప్పుదము. ప్రతి చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుదము. అంచున పడిన శనగల బాలుని పేరు తెలిసినచో దానినికూడ వ్రాయుదము; ఆ తీరము అతనిదియు గదా.