గార్డెన్‌లో ఒక్క మైకు

1980 సెప్టెంబర్ 19, శుక్రవారం రాత్రి. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. దాదాపు 20 వేల మంది పట్టే హాలు. మన చుట్టూ ఉన్నవాళ్లు టికెట్ కొన్నది కమొడోర్స్ బృందం కోసం, వాళ్లకు ముందు పాడే బాబ్ మార్లే కోసం. మార్లే కన్నా ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్న వేళ, హార్లెమ్ కుర్రాడు ఒకడు వేదిక ఎక్కాలి. వయసు 21. అమ్మానాన్నలు పెట్టిన పేరు కర్టిస్ వాకర్, రికార్డు మీద ఉన్న పేరు కర్టిస్ బ్లో.

వేదిక వైపు చూడండి. అతని వెనక గిటార్లు లేవు, బూరలు లేవు. డీజే ముందు రెండు టర్న్‌టేబుల్స్, అంతే. బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో 1973 ఆగస్టులో జరిగిన పార్టీలో డీజే కూల్ హెర్క్ వాడినవీ ఇలాంటివే. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కొన్ని క్షణాలు వచ్చేసరికి కుర్రకారు నేల అదిరేలా ఆడుతున్నారని గమనించి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పి సాగదీసినవాడు హెర్క్. ఆ దరువు మీద మైకు పట్టుకుని మాట్లాడటం, అంటే ర్యాప్, అలా మొదలైంది. పార్కుల్లో, క్లబ్బుల్లో పుట్టిన ఆ సరదాను రికార్డు కంపెనీలు చాన్నాళ్లు పట్టించుకోలేదు.

1979 చివర్లో ఆ నిర్లక్ష్యపు గోడకు బీట పడింది. షుగర్‌హిల్ గ్యాంగ్ ర్యాప్ రికార్డు అప్పటికే ఊరంతా మోగుతోంది. బిల్‌బోర్డ్ పత్రికతో సంబంధమున్న రాబర్ట్ ఫోర్డ్, జె.బి. మూర్ కలిసి కర్టిస్ చేత ‘క్రిస్మస్ ర్యాపిన్’ చేయించారు. బేస్ గిటార్ లారీ స్మిత్‌ది. కర్టిస్ వ్యవహారాలు చూసేది అతని కాలేజీ స్నేహితుడు రస్సెల్ సిమన్స్. పాటను మెర్క్యురీ తీసుకుంది. పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరిన మొదటి ర్యాపర్ కర్టిస్.

ఇప్పుడు మైకు అతని చేతిలో ఉంది. వినండి, ఒక్క అక్షరం కూడా నలగడం లేదు. తరవాత వచ్చినవాళ్లు ఇంతకన్నా వేగంగా, ఇంతకన్నా మెలికలు తిప్పి చెప్పారు, నిజమే. కానీ హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట తేటగా అందాలన్న ఈ పట్టుదలే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఈ వేసవిలో వచ్చిన ‘ది బ్రేక్స్’ అందుకున్నాడు. పాట నిడివి ఏడు నిమిషాలకు పైనే. గోల్డ్ గుర్తింపు పొందిన తొలి ర్యాప్ సింగిల్ అదే. అతను ఒక మాట వదిలితే జనం వంత అందుకునేలా కట్టిన పాట. మనకూ కాళ్లు ఆగవు. పై గ్యాలరీ దాకా చేతులు లేస్తుంటే, వాద్యబృందం లేకుండా ఇదెలా సాధ్యమని అడగాలనిపించదు.

కాసేపట్లో మార్లే వస్తాడు. న్యూయార్క్‌లో ఆయన పాడే ఆఖరి రోజులు ఇవేనని హాల్లో ఎవరికీ తెలియదు.

కర్టిస్ తెరిచిన దారిలో అతన్ని దాటి వెళ్లినవాళ్లు బయటివాళ్లు కారు. రస్సెల్ తమ్ముడు జోసెఫ్, చిన్నప్పుడు ‘సన్ ఆఫ్ కర్టిస్ బ్లో’ అన్న పేరుతో వేదికలెక్కిన రన్, నాలుగేళ్లలో రన్-డిఎంసి బృందంతో వస్తాడు. 1984లో వాళ్ల మొదటి ఆల్బమ్‌ను తయారు చేసింది రస్సెల్, ‘క్రిస్మస్ ర్యాపిన్’లో బేస్ వాయించిన లారీ స్మిత్. డ్రమ్ మెషీన్ల కరకు మోతలో పార్టీ ర్యాప్ పాతబడిపోయింది. అయినా కర్టిస్ ఆగలేదు. ఫ్యాట్ బాయ్స్ తొలి ఆల్బమ్‌కు నిర్మాతగా పనిచేశాడు, ‘బాస్కెట్‌బాల్’ పాట చేశాడు, 1985లో ‘ఇఫ్ ఐ రూల్డ్ ద వరల్డ్’ ఇచ్చాడు. 1996లో నాస్ అనే ర్యాపర్ లారిన్ హిల్‌తో కలిసి ఆ పాట పల్లవి ఆధారంగా కొత్త పాట రికార్డు చేశాడు.