శబ్దానికి మెదడు చెప్పే జవాబు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి చేరిన తెలుగువాళ్లలో తొలితరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. అక్కడి నెహ్రూ నగర్ లాంటి చోట్ల ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. అలాంటి పెద్దాయనకు మతిమరుపు ముదిరితే, జ్ఞాపకశక్తిని పరీక్షించే కాగితం మీది ప్రశ్నలు ఏ భాషలో అడగాలి? చదువే రాకపోతే? అక్షరంతో పనిలేని దారి ఒకటుంది. శబ్దం వినిపించి, మెదడు ఇచ్చే జవాబును కొలవడం.

దీని మూలాలు పాతవే. 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లలో విద్యుత్తును గుర్తించాడు. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను నమోదు చేశాడు. ఆ నమోదునే ఈఈజీ అంటారు. శబ్దం వినపడితే మెలకువలో ఉన్న మనిషి ఈఈజీ గీత మారుతుందని 1939లో పాలిన్ డేవిస్ చూపింది. కానీ ఆ మార్పు మరీ చిన్నది, సంతలో గుసగుసలాంటిది. ఒకే ప్రేరణను పదే పదే ఇచ్చి, రికార్డులన్నీ కలిపి దాన్ని పైకి తేల్చే పద్ధతిని 1950లలో బ్రిటన్‌లో జార్జ్ డాసన్ రూపొందించాడు.

అసలు మలుపు 1965లో. శామ్యూల్ సటన్ బృందం పి300 తరంగాన్ని కనిపెట్టింది. దాన్ని కొలిచే తీరు ఇదీ: తలకు ఎలక్ట్రోడ్లు అంటించి చెవుల్లో ఒకేలాంటి బీప్‌లు వినిపిస్తారు. మధ్యమధ్య అరుదుగా వేరే స్వరం వస్తుంది. అది వచ్చినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకోమంటారు. వేరే స్వరం వినపడ్డాక సుమారు 300 మిల్లీసెకన్లకు గీత ఎగసిపడుతుంది.

డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, ఉన్నవారిలో ఆ ఎగసిపాటు ఆలస్యమవుతోందని 1978లో గుడిన్, స్క్వైర్స్, స్టార్ ‘బ్రెయిన్’ పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం ఇంకో అడుగు వేసింది. మనిషి ధ్యాస పెట్టకపోయినా స్వరం మారిందని మెదడు పసిగడుతుందట! లెక్కపెట్టలేని స్థితికి చేరినవారికి ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

అయితే వయసు పెరిగినా పి300 నెమ్మదిస్తుంది. అందుకే ఈ గీత ఒక్కటే చూసి జబ్బు పేరు చెప్పరు.

భాష సంగతికొస్తే, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు వెలువరించింది. రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలోనూ ఆలస్యం కనిపించింది. భిలాయి తెలుగువాళ్లకు ఇది తీపికబురే.

వినికిడి లోపం కూడా డిమెన్షియా ముప్పును పెంచేదేనని వైద్య పత్రిక ‘లాన్సెట్’ కమిషన్ 2024లోనూ చెప్పింది. ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినవారి చెవులు మామూలుగా ఉండకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు పిలిచినా పలకకపోతే మతిమరుపని సరిపెట్టుకోకండి. ముందు చెవి పరీక్ష చేయించండి, ఆ తర్వాత న్యూరాలజిస్టుకు చూపించండి.