వజీఫా మీద ఇల్లు

మన ఇళ్లలో వజీఫా అంటే రెండు. నమాజ్ అయ్యాక నానీ తస్బీహ్ పట్టుకుని రోజూ చదువుకునేది ఒకటి. చదువుకునేవాళ్లకి సర్కారు నెలనెలా ఇచ్చే పైసలు ఇంకొకటి. రెండిట్లోనూ ఉన్న భావం ఒక్కటే, ఇంత అని ముందే ఖరారు చేసిన వాటా. ఈ రెండో వజీఫాని నమ్మి బ్యాంకు ఇంటికి అప్పు ఇస్తుందా అన్నది ఈ తహ్రీర్ సంగతి. సవాలు కొత్తగా కనిపిస్తుంది గానీ, పెదవేగి పక్కన నిలబడి చూస్తే చాలా పాతది.

ఏలూరుకి ఉత్తరాన ఉన్న పెదవేగిని ఇవాళ ఎవరన్నా తలుచుకుంటే పామాయిల్ తోటల కోసమే. ఒకప్పుడు అది వేంగీపురం, సాలంకాయనుల రాజధాని. ఆ వంశంలో దేవవర్మ అనే రాజు వేంగీపురం నుంచి ఏలూరు గ్రామస్తులకి పంపిన హుకుం ఒకటి రాగి రేకుల మీద ప్రాకృతంలో దొరికింది. దాదాపు 4వ శతాబ్దపుది. గణశర్మ అనే బ్రాహ్మణుడికి 20 నివర్తనాల భూమి ఇస్తున్నాం అంటుంది. భూమితో ఆగలేదు. ఆయనకి ఇంటి స్థలం ఇచ్చారు, ఆయన పొలాన్ని సగం పాలుకి దున్నే మనుషులకీ ఇంటి స్థలం ఇచ్చారు.

నాకు ఆ రేకుల్లో నచ్చింది ఈ చివరి మాటే. చదువుకున్నవాడికి రోజీ చూపిస్తే చాలదు, తల దాచుకునే చోటు కూడా కావాలని ఆ హుకుం రాయించిన దర్బారుకి తెలుసు. అలాగని అది సువర్ణయుగం అనుకోకండి. పొలం దున్నేవాడికి దక్కింది పంటలో సగమే, చదువు పేరుతో దానం అందుకునే అర్హత పుట్టుకతోనే ఖరారయ్యేది. అదే వంశపు నందివర్మవి కొల్లేరు రేకులున్నాయి. అందులో ఒక ఊరిని 157 మంది బ్రాహ్మణులకి కలిపి రాసిచ్చారు. సర్కారు ఇచ్చేది గ్రాంటు. అప్పు మాట ఎక్కడా లేదు, జామీను మాట కూడా లేదు.

1687లో గోల్కొండ పడిపోయాక ఈ ఇలాఖా మొఘలుల చేతికొచ్చింది. వాళ్ల దస్తూరు ఏమిటో అబుల్ ఫజల్ ఆయిన్-ఎ-అక్బరీలో రాసి పెట్టాడు. సర్కారు ఇమ్దాద్ నాలుగు రకాలవాళ్లకి, అందులో మొదటివాళ్లు దునియా ధంధాలు వదిలేసి ఇల్మ్ వెంట పడ్డవాళ్లు. నగదుగా ఇస్తే దాని పేరు వజీఫా. భూమిగా ఇస్తే మిల్క్, లేదా మదద్-ఎ-మాష్. ఔరంగజేబు 1690 ఫర్మానులో మదద్-ఎ-మాష్ వారసులకి దక్కుతుందన్నాడు, కానీ అది ఆరియత్ మాత్రమే అన్నాడు, మిల్కియత్ కాదన్నాడు. ఆరియత్ అంటే మనకి తెలియందేం కాదు. షాదీకి పక్కింటివాళ్ల దేగ్ తెచ్చుకుంటాం. అందులో ఎంతమందికైనా వండుకోవచ్చు. అమ్మకూడదు, రెహన్ పెట్టకూడదు.

నా లెక్కలో మన కథకి గిరక ఇక్కడే ఉంది. వజీఫా ఇచ్చేవాడి దయ మీద నడుస్తుంది. రెహన్‌కి నీ సొంతమైనది కావాలి.

1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ కిందికొచ్చాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. కొద్దిపాటి శిస్తు కడతామని ఒప్పుకున్న సొంత ఇనాందారులకి పట్టా ఇచ్చి, భూమిని వాళ్ల మిల్కియత్ చేసేసింది. అప్పటిదాకా తిని బతకడానికి మాత్రమే ఉన్న నేలని అప్పుడు అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, కిస్తు కట్టలేకపోతే కోర్టులో పోగొట్టుకోనూ వచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగులో తాకట్టుని తనఖా అంటారు. ఆ మాట మన తన్ఖ్వాహే! ఉర్దూలో జీతం, తెలుగులో తాకట్టు. పాత దర్బారుల్లో నౌకరుకి జీతం బదులు ఫలానా ఊరి వసూలు నీదని రాసిచ్చేవారు. అలా రాబడిని ఇంకొకరి పేర రాసివ్వడం నుంచే మాట రెండు దారులు పట్టింది. బ్యాంకువాళ్లు ఇవాళ చేసేదీ అదే కదా, రాబోయే తన్ఖ్వాహ్ చూసి తనఖా పెట్టుకుంటారు.

1882 ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ చూడండి. సర్కారు పెన్షనర్లకి వచ్చే స్టయిపెండ్లని, రాజకీయ పెన్షన్లని ఎవరికీ బదిలీ చేయకూడదంటుంది. షావుకారు గుంజుకోకుండా పెట్టిన హిఫాజత్ అది. విద్యార్థి ఫెలోషిప్ పేరు అందులో లేదు, కానీ బ్యాంకు నజర్‌లో దాని హాలత్ కూడా అంతే. పట్టుకోలేని రాబడిని ఎవరూ జామీనుగా లెక్కపెట్టరు.

మా ఖాలా కూతురి సంగతి చెబుతాను. పన్నెండేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ముప్పై నాలుగేళ్లప్పుడు జేఆర్ఎఫ్ తెచ్చుకుంది. మహిళలకి వయసులో ఐదేళ్ల సడలింపు ఉండబట్టి వీలైంది. మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత మూడేళ్లు 42,000. పెదవేగిలో ఉమ్మడి ఇల్లు వాటాలకి సరిపోక, ఏలూరులో చిన్న పాత ఇల్లు చూసుకుంది. పది లక్షలు తక్కువపడి ఒక బ్యాంకుకి వెళ్లింది.

"మీది జీతం కాదండి," అన్నాడు ఆఫీసరు.

"మరి నెలనెలా వచ్చేదాన్ని ఏమంటారండి?" అంది ఈమె.

ఆయన తప్పు అనను, ఆయన ముందున్న ఫారంలో ఆ గడి లేదు. చదువు ఖర్చుకిచ్చే స్కాలర్‌షిప్‌కి ఆదాయపు పన్ను లేదు. పన్ను కోయని చోట ఆ కోత చూపించే కాగితం రాదు. పన్ను మాఫీ చేసిన మేహర్బానీయే లోను కాగితాల దగ్గర కమీ అయింది. తర్వాత గడువు. పది లక్షలకి 9 శాతం వడ్డీతో 20 ఏళ్లయితే కిస్తు దాదాపు 9,000. ఇప్పుడు తను కట్టే అద్దె కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఫెలోషిప్ మిగిలింది మూడేళ్లే కాబట్టి ఆ మూడేళ్లలోనే తీర్చాలంటే నెలకి దాదాపు 31,800. ఇద్దరు పిల్లల తల్లి 42,000లో అంత కట్టి ఏం తింటుంది? వడ్డీ హలాలా హరామా అన్నది వేరే బహస్. అది ఉలమాని అడగండి, నేను సహాఫీని.

మూడేళ్లయినా ఖాయమా అంటే, ఆఫీసరు షక్‌కి కూడా కారణం దొరుకుతుంది. మన పిల్లలకి పరిశోధన కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ని 2022-23 నుంచి ఆపేస్తున్నామని కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటులో చెప్పింది. వేరే పథకాలతో కలిసిపోతోందన్నది ఇచ్చిన కారణం. అప్పటికే అందుకుంటున్నవాళ్లకి ఆపలేదు, కొత్తగా చేరబోయేవాళ్లకే తలుపు మూశారు. ఆ ఖబర్ చదివిన బ్యాంకు మనిషి వజీఫా అనే మాట వింటే ఏమనుకుంటాడు?

చివరికి లోను వచ్చింది. కరెంటు లైన్‌మన్‌గా చేస్తున్న తమ్ముడు, ఇంటర్‌తో చదువు ఆపేసినవాడు, తన జీతం స్లిప్పులు పట్టుకెళ్లాడు. బ్యాంకు ఫైల్లో మొదటి దరఖాస్తుదారు అతను, ఆమె రెండో పేరు. ఇల్లు ఇద్దరి పేరా రిజిస్టరైంది. కిస్తు ప్రతి నెలా 5వ తేదీన తమ్ముడి ఖాతాలోంచి పోతుంది. ఫెలోషిప్ పడిన రోజు ఆమె ఆ పైసలు అతనికి పంపుతుంది. రెండు నెలలు ఫెలోషిప్ ఆలస్యమైనప్పుడు మాత్రం అతనే కట్టాడు, అక్కతో ఆ మాట ఎత్తలేదు.