వేలంపాటలో వచ్చిన బండి

మా జీపులో డ్రైవరు ఎడమ మోకాలి పక్కన నేలలోంచి మూడు రాడ్లు లేచి ఉంటాయి. పొడుగుది మామూలు గేర్లది. పొట్టివాటిలో ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలాన్ని కలుపుతుంది. రెండోది బండిని ‘లో’లోకి దించుతుంది. అప్పుడు చక్రాల వేగం సగానికి పైగా తగ్గి, లాగే శక్తి ఆ మేరకు పెరుగుతుంది. స్వర్ణముఖి ఇసుకలో చక్రం దిగబడ్డ రోజునో, తలకోన వైపు వాగు దాటి రాళ్ళగట్టు ఎక్కాల్సిన రోజునో ఆ పొట్టి రాడ్ల విలువ తెలుస్తుంది. కాడి మీద మెడ ఆనించిన ఎద్దు అడుగు తరవాత అడుగు వేసినట్టు బండి కదులుతుంది. ఆ కదలిక కాళ్ళ కింద రేకులోంచి ఒంట్లోకి ఎక్కుతుంటే కలిగే సంతోషం ఇన్నేళ్ళయినా నాకు పాతబడలేదు.

ఆ మూడు రాడ్ల అమరిక 1941 నాటి అమెరికా సైన్యపు జీపుది. అది చిత్తూరు జిల్లా పల్లెదాకా ఎలా వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు ఒక సంగతి తేటపడింది. ఈ సీమలో జీపు చరిత్ర కొత్త బండి కొన్నవాళ్ళ చరిత్ర కాదు. పాత బండి చేతులు మారిన చరిత్ర. సైన్యం వాడి వదిలింది సర్కారుకు, సర్కారు వాడి వదిలింది డ్రైవరుకు, అతను వదిలింది రైతుకు. ప్రతి చేతిలోనూ బండికి ఒక కొత్త పని పుట్టింది.

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలికబండి ఒకటి కావాలని, నమూనా 49 రోజుల్లో ఇవ్వాలని గడువు పెట్టింది. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో బండిని తెచ్చి నిలబెట్టింది. అయితే అన్ని బండ్లు తయారుచేసే స్తోమత దానికి లేదు. పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కు, ఫోర్డుకు వెళ్ళాయి. విల్లీస్ ఇంజను 60 గుర్రాల బలం, నాలుగు సిలిండర్లు. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. రేకులన్నీ బల్లపరుపుగా ఉండడం అందం కోసం కాదు. త్వరగా చేయడానికి, విరిగినచోట త్వరగా బాగుచేయడానికి అలా పెట్టారు. ఇవాళ మదనపల్లెలోనో పలమనేరులోనో షెడ్డు నడిపే మేస్త్రీ సుత్తి, వెల్డింగు రాడ్డు పట్టుకుని జీపు మడ్‌గార్డు కొత్తగా చేయగలుగుతున్నాడంటే కారణం ఆ యుద్ధకాలపు తొందరే.

జీపులు యుద్ధంలో నలుగుతున్న రోజుల్లోనే తిరుపతిలో ఇంకో పెద్ద పని జరిగింది. 1944 ఏప్రిల్ 10న తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. ప్రారంభించింది మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్. అంతకుముందు కొండ ఎక్కాలంటే అలిపిరి మెట్లో, చంద్రగిరి వైపు శ్రీవారి మెట్లో గతి. నడవలేని ముసలివాళ్ళను డోలీల్లో మోసుకెళ్ళేవారు. చక్రం కొండ ఎక్కగలదని ఈ సీమ నమ్మింది ఆ రోడ్డుతోనే అని నా అభిప్రాయం. తరవాత 1974లో రెండో ఘాట్ వచ్చింది. ఇప్పుడు కొత్తదారిలో ఎక్కుతాం, పాతదారిలో దిగుతాం. పాతదారి మలుపుల్లో దిగేటప్పుడు మా నాన్న నేర్పిన మొదటి పాఠం బ్రేకు తొక్కకపోవడం. చిన్న గేరులో ఉంచి వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. బ్రేకును నమ్ముకుని దిగితే డ్రమ్ములు కాగి, కిందికొచ్చేసరికి కాలికి పట్టే దొరకదు.

యుద్ధం అయ్యాక మిగిలిన సైనిక జీపులు ‘డిస్పోజల్స్’ అనే మిగులు సరుకు అమ్మకాల్లో అమ్ముడుపోయాయి. మన దేశంలో జీపు చేతులు మారడం అక్కడే మొదలయింది. 1945లో పెట్టిన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీలో భాగస్వామి గులాం మొహమ్మద్ దేశవిభజన తరవాత పాకిస్తాన్‌కు తొలి ఆర్థికమంత్రిగా వెళ్ళారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బొంబాయిలో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలుపెట్టి, క్రమంగా బండి మొత్తం ఇక్కడే చేయడం నేర్చారు. వాళ్ళు ఎక్కువకాలం పట్టుకుని ఉన్నది సీజే-3బి. 1953లో విల్లీస్ ఎత్తైన కొత్త ఇంజను పెట్టడానికి బోనెట్టును పైకి లేపింది. ఆ ఎత్తు బోనెట్టే మన కళ్ళకు జీపు ముఖం. అమెరికావాళ్ళు దాన్ని వదిలేశాక కూడా మనం దశాబ్దాలు నడిపాం.

పల్లెకు జీపు తెలిసింది మాత్రం సర్కారు వల్ల. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయింది. దానికి అమెరికా సాయం కింద వచ్చిన సామగ్రిలో జీపులూ ఉన్నాయి. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక ‘సమితి జీపు’ అనే మాట స్థిరపడింది. బీడీవో వచ్చినా, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మతో డాక్టరమ్మ వచ్చినా, అడవి రేంజరు వచ్చినా అదే బండి. బస్సు రాని ఊరికి అది వచ్చేది. దుమ్ము దూరాన కనబడగానే పిల్లలు పరుగెత్తేవారు, అప్పు కట్టని రైతు చేలోకి తప్పుకునేవాడు. జీపును అధికారానికి గుర్తుగా చూసి భయపడ్డ తరం మా తాతలది. ఆ భయం నిజమైనదే. ఆ బండిలోనే గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రులూ అంతే నిజం.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసులు పెరిగాయి, వాటితో జీపులూ పెరిగాయి. కాలం తీరిన సర్కారు బండిని కండెం చేసి వేలం వేసేవారు. ఈ వేలంపాటల గురించి చరిత్ర పుస్తకాల్లో ఎవరూ రాయరు. మా ప్రాంతంలో జీపు సామాన్యుడి చేతికి వచ్చిన ద్వారం మాత్రం అదే. మా నాన్న కూడా ఒక ఆఫీసు వెనక వేపచెట్టు కింద టైర్లు కుంగి నిలబడ్డ బండిని అలాగే పాడుకున్నారు. సీటు కింద కోడి గుడ్లు పెట్టి ఉందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

డీజిలు ఇంజన్లు రావడంతో కథ మరో మలుపు తిరిగింది. పెట్రోలు జీపును సొంత డబ్బుతో నడపడం కష్టం. ప్యూజో డిజైను డీజిలు ఇంజనుతో వచ్చిన ఎంఎం 540, ఆ తరవాత వెనక బారు పెంచి జనాన్ని ఎక్కించుకునేలా చేసిన కమాండరు కూలి బండ్లయ్యాయి. తిరుపతి బస్టాండు దగ్గర “కొండకి... కొండకి” అని పిలిచిన జీపులు, తిరుమలలో పాపవినాశనం, ఆకాశగంగ తిప్పి చూపిన జీపులు లక్షల మంది భక్తులకు గుర్తుంటాయి. పీలేరు, పుంగనూరు, కుప్పం వైపు సంతరోజున లోపల పదిహేను మంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద మూటలు, కోళ్ళ గంపలు. బండి మోయగలిగినదానికంటే ఎక్కువే ఎక్కించేవారు. అది ప్రమాదమని అందరికీ తెలుసు. వేరే బండి లేక ఎక్కేవారు.

పాత డీజిలు జీపును తెల్లారగట్ల లేపడం ఒక విద్య. ఇంజను చల్లగా ఉంటే సిలిండర్ల పక్క గదుల్లోని హీటరు ప్లగ్గులు ముందు కాగాలి. తాళంచెవి సగం తిప్పి, లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. నేను ఆత్రపడితే మా మెకానిక్ చేయి అడ్డం పెట్టేవాడు. “తొందరపడొద్దన్నా, అది కాగతా ఉండాది. ఇంకొంచేపు ఆగు,” అనేవాడు. ఆగి సెల్ఫ్ కొడితే మొదట ఒక సిలిండరు పట్టుకుంటుంది, తరవాత రెండోది, తెల్లటి పొగ ఒక్కసారి వదిలి నాలుగూ కలుస్తాయి. అద్దాలు, డాష్‌బోర్డు, డోరు గొళ్ళాలు అన్నీ ఒకే వణుకులోకి వస్తాయి. డీజిలు లైనులో గాలి చేరితే ఇదేదీ జరగదు. అప్పుడు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ, బుడగలు ఆగి చిక్కటి డీజిలు వచ్చేదాకా చూడాలి. నేను భాకరాపేట ఘాటులో వానలో ఈ పని చేశాను. స్పానరు ఒకటి, గుడ్డపేలిక ఒకటి చాలాయి. బండిని మనం విప్పగలం, మళ్ళీ బిగించగలం. జీపు సొంతంగా ఉండడంలోని సుఖం అన్నింటికంటే ఎక్కువ ఇందులోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

కష్టాలు లేవని కాదు. కమాను పట్టీల మీద నడిచే బండి గనక గుంత గుంతా వెన్నుకు తెలుస్తుంది. వానకు టాపు మడత దగ్గర నీళ్ళు చేరి, మలుపులో ఒక్కసారిగా మెడ మీద పడతాయి. వాగు దాటాక బ్రేకు డ్రమ్ములు తడిసి పట్టు పోతుంది. కొంతదూరం బ్రేకును మెల్లగా ఆనించి పోతే వేడికి ఆరతాయి. ఇవి తెలిసినవాడికి బండి ఏ వంకరా పోదు. పక్క పరదాలు చుట్టి పైకి కట్టేస్తే శేషాచలం అడవి ఎండుటాకుల వాసన, మామండూరు దాటాక వచ్చే చల్లగాలి, ఎక్కడో కోతుల అరుపు అన్నీ లోపలికి వస్తాయి. అద్దాలు మూసిన కారులో ఆ దారి నాకు సగమే కనిపించినట్టుంటుంది.

1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీ తేలికగా, చురుగ్గా ఉండి పోలీసులకూ అటవీశాఖలకూ నచ్చింది. జబల్‌పూర్‌లో సైన్యం కోసం చేసిన జోంగాలు కూడా వేలాల్లో అక్కడక్కడ ఇటు వచ్చాయి, పెట్రోలు తాగే తీరుకు ఎక్కువమంది దగ్గర నిలవలేదు. 2000లో బొలేరో, 2005లో టాటా ఏస్ వచ్చాక సంత జీపుల పని అయిపోయింది. మదనపల్లె టమేటా, చిత్తూరు తోతాపురి మామిడి పికప్పుల్లోకి మారాయి. పని పోయిన జీపులు చౌకయ్యాయి. అప్పుడే రైతులూ, కుర్రవాళ్ళూ కొన్నారు.

2010లో థార్ వచ్చింది. పాత ముఖం, కొత్త ఇంజను. 2020లో వచ్చిన రెండో థార్‌తో గట్టి టాపు, మెత్తటి కుదుపు కూడా వచ్చి, జీపు అనేది మొదటిసారి ఇంట్లో మొదటి బండిగా కొనే వస్తువయింది. థార్ మంచి బండి. కానీ దాని కంప్యూటరు మాటలు అర్థం కావాలంటే దానికి తగిన యంత్రం తగిలించాలి. చేతిపంపు, గుడ్డపేలిక అక్కడ చాలవు.

ఈలోగా మా నేల మీద ఇంకో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో మొదలయింది. నాలుగు చక్రాలూ లాగే వి-క్రాస్ పికప్పు అక్కడే తయారవుతుంది. వరదయ్యపాళెం మండలం చినపండూరులో 2020 నుంచి అపోలో టైర్లు వస్తున్నాయి. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు అంతకు ముందునుంచే ఉన్నాయి. ఎక్కడో అమెరికాలో, విల్లీస్ ఊరైన టొలీడోలో నమూనా పుట్టిన బండికి ఇప్పుడు బ్యాటరీ, టైరు రెండూ ఇంటిపక్కనుంచే వేయగలుగుతున్నాను. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది.

అయితే వేలంపాట ద్వారం మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషను రద్దయి, అవి తుక్కుకు పోవాలి. సైన్యం, పోలీసు అవసరాల ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు. పొగ సంగతి, భద్రత సంగతి నేను కాదనను. కానీ ఒక ఆఫీసు జీపు రైతు చేతికి వచ్చి మరో ఇరవై ఏళ్ళు పనిచేసే వరస అక్కడితో తెగిపోయింది. అది నాకు బాధే. సొంత బండికైతే పరీక్షలో నెగ్గితే ఐదేళ్ళకోసారి ఆర్సీ పొడిగిస్తారు.

మా ఏపీ 03 బండికి ఆ గడువు వచ్చే ఏడాది. పోయినవారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, రంగు వేయడానికి ఎడమ డోరు గీకించాడు. నీలం కింద తెలుపు, తెలుపు కింద ముదురాకుపచ్చ, దాని మీద సగం అరిగిన ‘ప్రభుత్వ’ అన్న అక్షరాలు. గీకుతున్న కుర్రాడు ఉప్పుకాగితం ఆపి నా వైపు చూశాడు.

“దీన్ని కూడా తీసేయాల్నా అన్నా?”

“వద్దురా. దాని మీదే వెయ్యి.”